కారు తలుపు అడుగున చిల్లులు

మా అబ్బాయి జానీకి కారు కొన్న మూడో నెలలోనే అందులో పాటలు నచ్చకుండా పోయాయి. కారు నచ్చింది, రంగు నచ్చింది, వెనక్కి తిప్పేటప్పుడు అది చేసే కీచు చప్పుడు కూడా నచ్చింది. కంపెనీవాళ్లు బిగించి ఇచ్చిన స్పీకర్లు మాత్రం రేకు డబ్బాల్లా మోగుతున్నాయట. వాడు సారపాక కాగితం మిల్లులో ఇంజనీరు. పగలంతా యంత్రాల హోరుకు చెవులు అప్పగించి, సాయంత్రం కాగానే అవే చెవులకు వయొలిన్ విడిగా, వేణువు విడిగా వినిపించాలంటాడు. మూడు వారాలపాటు అన్నం కంచం ముందు కూర్చుని, స్పీకర్ల గురించి ఎవరెవరో దంచే ఉపన్యాసాలన్నీ ఫోన్లో విన్నాడు. ఫోన్లో ఉండే గోరంత స్పీకర్లోంచే విన్నాడు. పెద్ద స్పీకరు ఎంత బాగా మోగుతుందో చిన్న స్పీకరులో విని తెలుసుకునే మనుషులు మా ఇంట్లో కూడా పుట్టారని మా నాయనకు తెలియకుండా పోయింది, అదొక్కటే అదృష్టం.

ఆ ఆదివారం బోనకల్లో చుట్టాల పెళ్లి. ఖమ్మంలో ఉంటున్న నన్ను ఎక్కించుకుపోవడానికి వచ్చినవాడు, "దారిల ఒక్క గంట పనున్నదమ్మా" అన్నాడు. పిల్లలకు ముప్పై మూడేళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఒక్క గంట అంటే ఎంతసేపో నాకు తెలుసు. తీసుకుపోయింది బైపాస్ రోడ్డు మీద ఒక అద్దాల షాపుకు. గోడ నిండా స్పీకర్లు, ఒక్కోదాని చుట్టూ నీలం దీపాలు. దర్గా ఉరుసుకు కూడా అన్ని దీపాలు పెట్టరు. షాపు యజమానికి ముప్పై ఏళ్లుంటాయేమో, గడ్డాన్ని గీత గీసినట్టు దిద్దుకున్నాడు. మా కారులోంచి ఊడబీకిన స్పీకరును రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి చూపించాడు.

"చూడండి మేడం, పేపర్ కోన్. కాగితం. కాగితంలకెల్లి ఏం సౌండ్ వస్తది?"

కాగితం చేసే మిల్లులో జీతం తీసుకునే నా కొడుకు నిజమే నిజమే అన్నట్టు తల ఊపాడు. పనివాడు రెండో తలుపుకు లోపలివైపు ఉండే అట్టను కూడా ఊడదీశాడు. ఇనుప రేకు, దానికి పెద్ద పెద్ద కంతలు, లోపల చీకటి, అద్దాన్ని దింపే కమ్మీ కనిపించాయి. కారు తలుపు కడుపులోకి నేను చూసి నలభై ఏళ్లు కావస్తోంది. అతను కంతలకు నల్లటి జిగురు షీట్లు అతికించి మూశాడు, రేకుకు తెల్లటి మెత్తటి పట్టీలు అంటించాడు. "దీన్ని డ్యాంపింగ్ అంటరు మేడం. మీకు చెప్పినా సమజ్ కాదుగని, ఇదంత కొత్త టెక్నాలజీ" అన్నాడు యజమాని. నాకు నవ్వొచ్చింది. అంతలో మా జానీ ఉత్సాహంగా, "అన్నా, మా తాత గూడ ఎనకట గిట్లనే చేసిండు, ఏమైందో ఎర్కేనా?" అని మొదలుపెట్టాడు. వెంటనే షాపులో ఎవరిదో ఫోన్ మోగి ఆ కథ అక్కడికి ఆగిపోయింది గానీ, మిగతాది నాకు అక్షరం అక్షరం తెలుసు.

ఆ కథ మా చుట్టాల్లో పెళ్లి పెళ్లికీ చెబుతారు, బిర్యానీ తర్వాత వక్కపొడిలాగా. బూర్గంపాడులో దూదేకుల కాసిం అని ఒక వెర్రిబాగులవాడు ఉండేవాడు, పెద్ద కంట్రాక్టరు కారు తలుపుల్లో దూది కూరి, కింద నీళ్లు పోయే చిల్లులు తారు పెట్టి మూశాడు, వాన పడితే తలుపులు కుండల్లా నిండాయి, విప్పితే నీళ్లతోపాటు చేపలు పడ్డాయి. ఇదీ కథ. చేపలు తర్వాత చేరాయి. కాసిం మా నాయన. కథ చెప్పేవాళ్లు చేపలను కలుపుకున్నారు గానీ, అందులో అసలు ఉండవలసిన ఒక మనిషిని వదిలేశారు.

మాది దూదేకుల ఇల్లు. మసీదుకు పోతే మా నమాజు సరిగా లేదనేవాళ్లు, బజారుకు వస్తే సాయిబులనేవాళ్లు, ఇంట్లో మాత్రం మేం తెలుగు తప్ప ఇంకోటి ఎరుగం. మా వాళ్ల మీద ఎన్ని సామెతలున్నాయో అన్నీ నాకు వచ్చు. ఒక్కటి కూడా ఇక్కడ రాసి దాని ఆయుష్షు పెంచను. మా తాత, నాయన చలికాలం వస్తే దూదేకే విల్లు భుజాన వేసుకుని అడవి పల్లెలన్నీ తిరిగేవారు. ఎవరి గుమ్మంలో పత్తి కుప్ప ఉంటే అక్కడ విల్లు వేలాడదీసి, నారి మీద చెక్క గుండుతో కొట్టి, దూదిని మబ్బులా ఏకి, బొంతలు నింపి ఇచ్చేవారు. పదేళ్ల వయసు నుంచీ చెవి పక్కనే ఆ నారి టంగుటంగుమని కొట్టడంతో మా నాయనకు సన్నటి శబ్దాలు వినిపించడం పోయింది. పిట్ట కూత వినబడేది కాదు. గోదావరి వంతెన మీద లారీ పోతే మాత్రం అరికాళ్లతో కనిపెట్టేవాడు.

స్పంజి పరుపులు వచ్చి బొంతలను తన్ని తగలేశాక, ఆయన విల్లును గోడకు తగిలించి, మైకుసెట్ల స్పీకర్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. చెవి సరిగా వినబడని మనిషి స్పీకర్ల పని పట్టుకోవడం ఏమిటని బజారంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్లే చిరిగిన స్పీకర్లు మోసుకుని మా గుమ్మంలోకి వచ్చేవాళ్లు. ఎలుక కొరికినవి, వానకు ఉబ్బినవి, పెళ్లి ఊరేగింపులో గొంతు చించుకున్నవి. మా ఇంటి వాసనే వేరుగా ఉండేది. అమ్మ చింతగింజలు దోరగా వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, మట్టి మూకుట్లో బంక కాచేది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేది. ఆ బంకలో పలచని గుడ్డ పేలిక ముంచి, కాగితం కోను చిరుగు మీద నాయన అంటించేవాడు. ఆయన వేళ్లు మొరటువే గానీ, అతుకు ఎక్కడుందో మళ్లీ ఆయనకే దొరికేది కాదు. చివర టార్చిలైటు సెల్లు ఒకటి తీసి తీగలకు తాకించేవాడు. కోను ముందుకు ఉబికితే ఏ తీగ ఏదో తెలుస్తుంది, వెనక్కి పోతే తిరగబడిందని తెలుస్తుంది. తెలిసిన తీగకు నా గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టేవాడు. నా గోళ్ల రంగు సీసా అంతా అలాగే ఖర్చయిపోయిందని నేను గోల పెట్టేదాన్ని.

ఆ తర్వాత జరిగేది మా ఇంట్లో నమాజంత నియమంగా జరిగేది. స్పీకరును పాత ఆంప్లిఫయరుకు కలిపి ఏదో ఒక పాట పెట్టి, నాయన నన్ను పిలిచేవాడు. నేను బొంతల దొంతర మీద కూర్చుని కళ్లు మూసుకోవాలి. అమ్మ బుస్సుమనే కిరసనాయిలు స్టవ్వును తగ్గించేది, కూర మాడినా సరే. నాయన నా మొహం వైపే చూస్తూ, "ఎట్లుంది బిడ్డా?" అనేవాడు. గరగర ఉంది అంటే మళ్లీ విప్పేవాడు. లోపల ఏదో రుద్దుకుంటోంది అంటే మళ్లీ విప్పేవాడు. ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. నేను "మంచిగుంది" అన్న తర్వాతే ఆ స్పీకరు మా గుమ్మం దాటేది. కాసిం అతుకు వేస్తే ఊడదని చుట్టుపక్కల పేరుండేది. ఆ పేరులో సగం నా చెవులదని ఆయన వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అప్పుడు నేను రోజూ బస్సులో గోదావరి దాటి భద్రాచలంలో డిగ్రీ చదువుతున్నాను. మూడు పుస్తకాలు చదివి ముప్పై మందిని చిన్నచూపు చూసే వయసు. బంక వాసన కాలేజీ ఓణీకి అంటుకుందని అమ్మ మీద అరిచేదాన్ని.

ఎండాకాలం మొదట్లో వెదురు కంట్రాక్టరు ఒకాయన కొత్త కారు మా గుమ్మం ముందు ఆపాడు. తలుపుల్లోనే స్పీకర్లు బిగించి కంపెనీ నుంచి వచ్చిన కారు మా ఊళ్లో అదే మొదటిది. ఆయనకు ఆ స్పీకర్లు ఆనలేదు. ఎవరితోనో ఫారిన్ స్పీకర్లు రెండు తెప్పించి, డబ్బా మా నాయన కాళ్ల దగ్గర పడేసి, "ఇయ్యి పీకి అయ్యి పెట్టు" అన్నాడు. నాయన పాట పెట్టించాడు. తనకు వినబడదు కాబట్టి తలుపు రేకు మీద అరచేయి ఆనించి, అక్కడక్కడా తడిమి, లోపలి అట్ట ఊడదీసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"స్పీకర్ మంచిగనే ఉన్నదయ్యా. అది ఉండే ఇల్లే మంచిగ లేదు."

"ఇల్లేందిరా?"

"తలుపయ్యా. లోపల అన్ని బొక్కలే. స్పీకర్ ఎనకకు నూకిన గాలి ఆ బొక్కలకెల్లి ముంగటికొచ్చి పాటను తింటున్నది. ఏ దేశపు స్పీకర్ పెట్టినా గంతే. ఇల్లు సాఫ్ జేస్తే ఇదే స్పీకర్ పాడుతది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడుతున్నాడని కంట్రాక్టరు ఎగతాళి చేశాడు గానీ, వారం గడువిచ్చి కారు వదిలి పోయాడు. డ్రైవరు కూడా సొంత ఊరికి పోయాడు. ఉంటే కింది చిల్లుల సంగతి చెప్పేవాడేమో. ఆ వారమంతా మా వాకిలే కార్ఖానా అయింది. నాయన మందపాటి అట్టలు కత్తిరించి, తారు కాచి, రేకు కంతలు మూశాడు. గోడ మీది విల్లు దింపి, కొత్త నారి కట్టి, ఎన్నో ఏళ్ల తర్వాత దూది ఏకాడు. అద్దానికి అడ్డం రాకుండా అరచేతి మందం కూడా లేని చిన్న చిన్న బొంతలు అమ్మా నేనూ కుట్టి ఇస్తే, వాటిని చింతగింజల బంకతో లోపలి రేకుకు అంటించాడు. కారుకు బొంతలేమిటని నేను నవ్వుతూనే కుట్టాను. నాయన ఆ వారం రోజులూ ఈల వేశాడు. ఈల వేస్తున్న సంగతి ఆయనకు వినిపించదు కాబట్టి శ్రుతి ఉండేది కాదు.

చివరి రోజు మధ్యాహ్నం కారులో నన్ను కూర్చోబెట్టి క్యాసెట్ పెట్టాడు. ఆ శబ్దం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. డప్పు మీద చేయి ఎక్కడ పడిందో తెలిసింది. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం తెలిసింది. అవే స్పీకర్లు, అదే కాగితం. "ఎట్లుంది బిడ్డా?" అన్నాడు నాయన, కిటికీలోంచి తల పెట్టి. నేను వెంటనే మంచిగుంది అనొచ్చు. అలా అంటే చదువుకున్నదాన్ని ఎలా అవుతాను? కళ్లు మూసుకుని ఇంకా విని, "కింద ఎక్కడనో ఉఫ్ మంటున్నది నాయనా. ఇంకా గాలి పోతున్నది" అన్నాను.

ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని తలుపు అడుగు అంచు వెంట వేలు పోనిచ్చాడు. రెండు చిల్లులు దొరికాయి. అవతలి తలుపుకూ రెండు. లేచి కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. "ఇయ్యి ఊకనే పెట్టినట్టు లేవు బిడ్డా. కంపెనోడు ఊకనే బొక్క పెట్టడు" అన్నాడు. మా ఇంటా వంటా ఎవరికీ కారు లేదు. అద్దం దిగే సందులోంచి వాన నీళ్లు తలుపు కడుపులోకి పోతాయని, పోయిన నీళ్లు బయటపడడానికే ఆ చిల్లులని కారున్న ప్రతివాడికీ తెలుసు. మాకెలా తెలుస్తుంది? తెలియదు అనే మాట అనుంటే సరిపోయేది. ఆయన ఆగింది ఆ మాట కోసమే. నేను మాత్రం పాఠం అప్పజెప్పాను. "రేకు అతికేటప్పుడు ఊకనే వదిలేస్తరు నాయనా. స్పీకర్ ఎనక గాలి బయటికి రావొద్దని మా పుస్తకంల ఉన్నది. ముయ్యి." నాయన ఇంకోసారి చిల్లుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత తారు ముద్ద తీసుకుని మూశాడు. ఉఫ్ మనడం ఆగిపోయింది. నేను మంచిగుంది అన్నాను.

కంట్రాక్టరు కారెక్కి ఒక పాట విని ఏమీ అనకుండా పోయాడు. అది మెచ్చుకోవడమేనని నాయన మురిసిపోయాడు. ఆ తర్వాత తెలిసిన సంగతేమిటంటే, ఆయన ఊరంతా తిరిగి కారులో ఫారిన్ స్పీకర్లు పెట్టించానని చెప్పుకుంటున్నాడు. ఆ ఫారిన్ డబ్బా మూత కూడా తీయకుండా వాళ్లింట్లో అటక మీద ఉంది. పైన పటారం, లోన లొటారం అనే మాటకు అంతకంటే మంచి మనిషిని నేను మళ్లీ చూడలేదు. జనం కారు చుట్టూ మూగి, ఫారిన్ అంటే ఫారినే అనేవాళ్లు. లోపల పాడుతున్నవి కంపెనీ కాగితమూ మా అమ్మ కుట్టిన బొంతలూ అని ఒక్క వెధవకూ తెలియదు. మా నాయన ఆ మాటలు విని నవ్వేవాడు తప్ప కోపం తెచ్చుకోలేదు. ఆయనకు రాని కోపమంతా నాకు వచ్చినట్టుంది, ఇంకా ఖర్చు చేస్తూనే ఉన్నాను.

తర్వాత వానలు పడ్డాయి. మా వైపు వాన అంటే రెండు మూడు రోజులు ఆకాశం మూత తీసి పెట్టినట్టే. సంత రోజు మధ్యాహ్నం బజారులో ఆ కారు ఆగింది. నిండు కుండ తొణకదంటారు, సగం నిండిన తలుపు మాత్రం బాగా తొణుకుతుంది. కారు కుదిపితే చాలు, లోపల గుడగుడమని నీళ్లు. కంట్రాక్టరు మనిషిని పంపి నాయనను పిలిపించాడు. అప్పుడే బస్సు దిగి వస్తున్న నేను కూడా అక్కడికే చేరాను. సంతకు వచ్చినవాళ్లంతా తట్టలు దింపి నిలబడ్డారు.

"ఏందిరో కాసిం, నా కార్ల చెరువు తవ్వినవా?"

నాయన నేల మీద కూర్చుని, స్క్రూడ్రైవరుతో తలుపు అడుగున తారు పెల్లగించాడు. నల్లటి నీళ్లు ఆయన మోకాళ్ల మీద పడ్డాయి. కుళ్లిన దూది, బంక వాసన బజారంతా కొట్టింది. అట్ట ఊడదీస్తే అమ్మ కుట్టిన బొంతలు నానిపోయిన పిండిముద్దల్లా జారాయి. స్పీకర్ల కాగితం తడిసి ఊడివచ్చింది. జనం నవ్వారు. "గీ బొక్కలు ఎందుకుంటయో తెల్వదారా నీకు?" అని కంట్రాక్టరు అరిచాడు. నాయన నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నేను నిజం చెప్పేదాన్నని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. "తెల్వక మూసిన అయ్యా. నాదే తప్పు" అన్నాడాయన.

కంట్రాక్టరు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు సదువుకున్నదానివి గదా. మీ నాయనకు చెప్పొద్దా?"

దేవుడు ఇంతకంటే సులువుగా ఎవరినీ పరీక్షించడు. ముయ్యమన్నది నేనే అంటే అయిపోయేది. నేను పుస్తకాలు గుండెకు అదుముకుని, క్లాసులో లేచి నిలబడి చెప్పినట్టు చెప్పాను. "అద్దం సందులకెల్లి నీళ్లు లోపలికి పోతయి. బయటికి పోనీకి దారుండాలె. మా నాయనకు కార్ల సంగతి ఏం తెలుసండీ? దూది సంగతే తెలుసు."

బజారు పగలబడి నవ్వింది. కంట్రాక్టరు కూడా నవ్వి, కోపం మరిచి, పిల్ల హుషారుదన్నాడు. నాకు ఆ క్షణాన ఏం అనిపించిందో దాచుకోకుండా రాస్తాను. గర్వం అనిపించింది. నవ్విన నలుగురి వైపు నేను కూడా ఉన్నాననిపించింది. నాయన తడి బొంతలన్నీ పిండి, భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. నేను వెనక నడిచాను, కొంచెం దూరంగా.

కంట్రాక్టరు అటక మీది ఫారిన్ స్పీకర్లు దింపి ఎక్కడో పెట్టించుకున్నాడు. తలుపు కంతలు మళ్లీ తెరుచుకున్నాయి కాబట్టి అవి మా నాయన చెప్పినట్టే రేకు డబ్బాల్లా మోగాయి. అయినా కంట్రాక్టరు తల ఊపుతూ విన్నాడు. అలాంటివాళ్ల చెవికి లోపల ఏం మోగుతోందో అక్కర్లేదు, డబ్బా మీద పేరుంటే చాలు. ఆయన గురించి ఇంక ఒక్క మాట కూడా దండగ.

నాకు కావలసింది ఆ తర్వాతి వారం సంగతి. నాయన ఒక మైకు స్పీకరు అతుకు వేసి, సెల్లు తాకించి, పాట పెట్టాడు. అమ్మ అలవాటు చొప్పున స్టవ్వు తగ్గించింది. నేను వచ్చి బొంతల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. పాట నడుస్తోంది. ఎట్లుంది అనే మాట రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన కోను మీద అరచేయి ఆనించి, తనకు తానే తల ఊపుకుని, స్పీకరును గోనె సంచిలో చుడుతున్నాడు. దానిలో సన్నగా గరగర ఉంది. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. అది వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఇంకోటి వచ్చింది. కాసిం పని పాడైందని పేరు పడింది, తెచ్చేవాళ్లు తగ్గారు, రెండేళ్లలో ఆయన ఆ పనే కట్టిపెట్టాడు. అమ్మ ఒకసారి, "పిల్లను పిలువరాదయ్యా" అంది. "దాని సదువు దానికుండనియ్యి" అన్నాడు. నా మీద కోపంతో అనలేదు. కోపమైతే ఎప్పుడో తగ్గేది. నన్ను కాపాడడానికి అలా చేశాడని కూడా కొన్నాళ్లు అనుకున్నాను, త్యాగం గీగం అని పెద్ద మాటలు పెట్టుకుని. అలా అనుకోవడం నా పొగరే. ఆయనకు నా చెవి మీద నమ్మకం పోయింది, అంతే. ఆయన బతికి ఉన్నంతకాలం ఆ మాట నన్ను మళ్లీ అడగలేదు.

నేను టీచరునయ్యాను. బోనకల్ బడిలో, తర్వాత ఇంకో రెండు బళ్లలో, ఏటా శబ్దం పాఠం చెప్పాను. ఎప్పుడో ఒక పెళ్లిలో ఎవరో కాసిం కథ ఎత్తితే అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. కొన్నాళ్లకు నన్నే చెప్పమన్నారు. చెప్పాను. టీచరు కదా, బాగా చెబుతానని పేరొచ్చింది. చేపలు చేర్చింది ఎవరో కాదు, నేనే. మా జానీ ఆ కథ నేర్చుకున్నది నా దగ్గరే.

షాపులో పని పూర్తయ్యేసరికి మూడు గంటలు పట్టింది. యజమాని పాట పెట్టి, కొండను తవ్వి వజ్రం తీసినవాడిలా నిలబడ్డాడు. "ఎట్లుందమ్మా?" అన్నాడు జానీ. నేను ముందు సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాను. డప్పు ఉంది గానీ దాని బరువు లేదు. పాడే మనిషి గొంతు నడిమధ్యన ఉండకుండా ఎక్కడో కారు బయట తిరుగుతోంది.

"ఒక తలుపుల తీగలు తిరగబడ్డయి" అన్నాను.

"కాదు మేడం. ఇది హై ఎండ్. మీ వయసుకు కొంచెం అలవాటు కావాలె" అన్నాడు యజమాని. వాడి వయసెంత, వాడి అనుభవమెంత, వాడి దీపాలెన్ని! గోడ గడియారంలోంచి సెల్లు తీయించాను. "రెండు తలుపులకూ ఒకే తీరుగ తాకించు నాయనా" అని పనివాడికి చెప్పాను. కుడివైపు కోను ముందుకు ఉబికింది. ఎడమవైపుది లోపలికి పోయింది. గడ్డం యజమాని పనివాడి మీద అరిచాడు. తప్పు చేసినవాడు అరవడం, అరుపులు తినేవాడు ఇంకొకడు కావడం నాకు కొత్త కాదు. తీగలు మార్చి పాట పెడితే గొంతు వచ్చి మధ్యలో కూర్చుంది. నా కొడుకు పొంగిపోయాడు. నా భుజం మీద చెయ్యేసి పట్టుకుని, "చూసినవా అన్నా, మా అమ్మ చెవి అంటే చెవి! మా తాతకే లేకపాయె. ఆయన తలుపు కింద బొక్కలు గూడ మూసిండు, తీస్తే చేపలు పడ్డయట!" అన్నాడు. ఇద్దరూ విరగబడి నవ్వారు. పనివాడు కూడా నవ్వాడు, తిట్లు తిన్న మరుక్షణమే.

నేను కారు దిగి, మోకాళ్లు సహకరించకపోయినా వంగి, తలుపు అడుగున వేలు పెట్టి చూశాను. చిల్లులు తెరిచే ఉన్నాయి. "అయ్యి ముయ్యం మేడం, గది ఎవలకైనా ఎర్కే" అన్నాడు పనివాడు.

"మా నాయనకు కూడా అనుమానం వచ్చింది" అన్నాను. "ఊకనే బొక్క పెట్టరన్నడు. ముయ్యమన్నది నేను."

"ఏందమ్మా?" అన్నాడు జానీ, ఇంకా నవ్వు మొహంతోనే.

"ముయ్యమన్నది నేను. ఆయన నా మాట విన్నడు. బజార్ల నన్ను అడిగితే ఆయనకేం తెలుసన్న."

జానీ నవ్వు ఆగింది. యజమాని ఎటు చూడాలో తెలియక, "పోనీలెండి మేడం, ఎప్పటి ముచ్చటో" అని సౌండు పెంచాడు. ముప్పై ఎనిమిదేళ్లు గొంతులో పెట్టుకు తిరిగిన మాట ఒక పాట కింద పడి నలిగిపోయింది. బోనకల్ దారిలో సగం దూరం పోయాక జానీయే పాట ఆపేశాడు.

పెళ్లిలో అన్నాలయ్యాక, అలవాటు ప్రకారం ఎవరో "చేపల కథ చెప్పు జానీ" అన్నారు. వాడు నా వైపు చూశాడు. మా నాయన చూడనట్టు కాదు, నేరుగా చూశాడు. నేను కుర్చీ ముందుకు లాక్కుని చెప్పాను, జరిగింది జరిగినట్టు, మొదటి నుంచీ. ఎవరూ నవ్వలేదు. పిల్లలు మధ్యలోనే లేచిపోయారు. మూల కూర్చున్న ముసలాయన ఒకడు పళ్లు కుట్టుకుంటూ, "ఎనకటి కథే మంచిగుండె బిడ్డా" అన్నాడు. ఉంటుంది, ఎందుకుండదు? ఆ కథలో మీరందరూ తెలివైనవాళ్లు. మంచిగుండకపోతే మానె. ఇక మీదట ఆ కథ చెప్పేవాళ్లు కాసిం పేరు తీసేసి నా పేరు పెట్టి చెప్పండి. నా పేరు మస్తానమ్మ. చేపలు కావాలంటే ఉంచుకోండి.